గట్టు మీద కర్రి

మా నాయనమ్మ దగ్గర వాలుగ చేప దవడలు మూడుండేవి. కుక్కపిల్ల కర్రి మా ఇంటికొచ్చిన వారానికి రెండయ్యాయి.

పొందూరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి ఈ దవడల సంగతి చెప్పక్కర్లేదు. సన్నఖద్దరుకి నూలు వడికే ఆడవాళ్ళు పత్తిని ముందు ఆ దవడకుండే సన్నటి పళ్ళతో దువ్వుతారు. చెత్తాచెదారం రాలిపోయి పీచు తిన్నగా వస్తుంది. మంచి దవడ దొరికితే అరిగిపోయేదాకా దాచుకుంటారు. నాయనమ్మ తన మూడింటినీ పాత చీరముక్కలో చుట్టి ఏకుల బుట్ట అడుగున పెట్టేది. ఓ మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసి లేచేసరికి కర్రి గుమ్మం ముందు కూర్చుని అందులో ఒకదాన్ని చెరుకుముక్కలా నములుతోంది.

"దీన్ని తెచ్చినోడి దవడ ఇరిగిపోనూ" అని తిట్టింది నాయనమ్మ.

తెచ్చింది మా మావయ్య. ఆమదాలవలసలో రైల్వేలో పని చేసేవాడు. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ మా వైపు ఎవరూ ఆ పేరుతో పిలవరు. అక్కడి క్వార్టర్స్‌లో ఒక ఆఫీసరు గారికి అల్సేషన్ కుక్క ఉండేదట. అది గోడ దూకిన ఫలితం మావయ్య వాళ్ళ వీధి కుక్కకి రెండు పిల్లలు. ఒకటి మావయ్య ఉంచుకున్నాడు. రెండోదాన్ని 1985 వానాకాలంలో, గోనెసంచి పరిచిన వెదురుబుట్టలో పెట్టి, పాసింజరు బండిలో దూసి మీదుగా పొందూరు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. నేనప్పుడు ఆరో తరగతి.

వీపంతా నలుపు, కాళ్ళు ఇటుక రంగు. అందుకే కర్రి. ఒక చెవి తండ్రి చెవిలా నిక్కి ఉండేది, రెండోది తల్లి చెవిలా సగానికి మడత. మా అప్ప, అంటే మా అక్క, దాన్ని "అటూ ఇటూ కానిది" అనేది. అప్ప అప్పటికే టెన్త్ చదివేది, ఊళ్ళో అన్నిటికీ పేర్లు పెట్టేది.

దవడ నమిలిన నేరం ఒక్కటే అయితే నాయనమ్మ మర్చిపోయేది. అసలు గొడవ కోళ్ళతో మొదలైంది.

కర్రికి నాలుగు నెలలు నిండాయో లేదో. పెరట్లో కోళ్ళు ఎక్కడివక్కడ తిరుగుతుంటే దానికి నచ్చేది కాదు. చప్పుడు చెయ్యకుండా గడ్డికుప్ప వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఒక్కో కోడినే లోపలికి తోసేది. మీద పడేది కాదు, నోటితో ముట్టేది కాదు. కాసేపటికి తల్లికోడీ, పిల్లలూ, పుంజూ అన్నీ పశువుల సాల గోడకీ కుడితి గోలేనికీ మధ్య మూలలో కుక్కినట్టు నిలబడేవి. కర్రి వాటికి పది అడుగుల దూరంలో పొట్ట నేలకి ఆనించి పడుకుని కన్నార్పకుండా చూసేది. పుంజు ఒక అడుగు బయటికి వేస్తే ఇది తల ఎత్తేది. పుంజు మళ్ళీ లోపలికి వెళ్ళేది.

మాకు అది ఆటలా ఉండేది. నాయనమ్మకి మాత్రం కోడిని తినబోయే కుక్కలానే కనబడింది. ఆవిడ తప్పు కాదు. పొంచి చూసే కుక్కని చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది.

బడికి వెళ్ళేటప్పుడు ఇంకో రకం. మా వీధి పిల్లలం ఏడెనిమిది మందిమి పొలం గట్ల మీదుగా నడిచి వెళ్ళేవాళ్ళం. కర్రి మా వెనకాల వచ్చేది. ముందుకి పరిగెత్తడం, ఎలకల కన్నాలు తవ్వడం, మిగతా కుక్కల్లా ఇవేవీ లేవు. వరసలో చివరివాడి వెనక అటొకసారి ఇటొకసారి నడిచేది. ఎవడైనా రేగుపళ్ళ కోసం ఆగితే వాడి మోకాలి వెనక ముక్కుతో పొడిచేది. వాడు కదిలితే ఊరుకునేది. మా క్లాసు పిల్లాడొకడు ఈ కుక్క తనని బడి ఎగ్గొట్టనివ్వట్లేదని నిజంగానే వాళ్ళమ్మతో చెప్పుకున్నాడు.

ఆ కార్తీకంలో పక్కింటి కోడిపెట్ట ఒకటి కనిపించకుండా పోయింది. పెరటి గోడ మీద రెండు ఈకలు దొరికాయి. సాక్ష్యం అక్కర్లేకపోయింది. మా అమ్మ పక్కింటివాళ్ళకి కోడి డబ్బులిచ్చింది, నాన్న కర్రిని సాలలో గుంజకి కట్టేశాడు. పది రోజులకి ఇంకో ఇంట్లో కోడిపిల్ల పోయింది. కర్రి అప్పుడు తాడుతోనే ఉంది. అయినా తాడు విప్పమని ఎవరూ అనలేదు. మన ఇళ్ళలో ఒకసారి కట్టేసినదాన్ని విప్పడానికి కట్టడం కంటే పెద్ద కారణం కావాలి.

ఆ కారణం సంక్రాంతి వెళ్ళాక, ముక్కనుమ దాటిన వారానికి, గొర్రెల మందతో వచ్చింది.

మా వైపు వరి కోతకొచ్చే ముందే, ఇంకా చేను నిలబడి ఉండగానే, మడిలో తడి చూసి పెసలో మినుములో జల్లేస్తారు. వరి కోసి కుప్పేసేసరికి కింద రెండాకులు లేచి ఉంటాయి. ఆ మిగిలిన తడికీ రాత్రి మంచుకీ అవి పండిపోతాయి. తడి ఆగని మెరక మడులు మాత్రం దుబ్బులతో ఖాళీగా ఉండిపోతాయి. అలాంటి మడుల్లో రాత్రిళ్ళు గొర్రెల మందని కట్టించేవారు. పెంట, ఉచ్చ కలిసి నేలకి బలం. రాత్రికి ఇన్ని కుంచాల ధాన్యమని కాపరితో మాట. పగలు ఆ దుబ్బుల్లోనే మేపుకునేవాడు, రాత్రి వెదురు తడికల మధ్య మందని తోలి పక్కనే పడుకునేవాడు.

వినడానికి బాగానే ఉంది కదా. చిక్కేమిటంటే మా ఎకరంన్నర ఖాళీ మడి, దానికీ మా పెదనాన్న పెసరచేనుకీ మధ్య ఒక్కటే గట్టు. మూరెడు వెడల్పు. ఇటు ఎండిపోయిన దుబ్బులు, అటు పూతమీదున్న పెసర. గొర్రె ఎటు చూస్తుందో చెప్పక్కర్లేదు. మందలో నాలుగు మేకలు కూడా ఉంటే ఇక అడగక్కర్లేదు, ముందు దారి తీసేవి అవే. ఆ ముందేడు అలాగే ఓ మంద పడి రెండు బారల పెసర నాకేసింది. అన్నదమ్ములిద్దరూ హోళీ దాకా మాట్లాడుకోలేదు.

ఆ ఏడు వచ్చిన కాపరిని మేం గొర్రెల తాత అనేవాళ్ళం. నూటయాభై దాకా జీవాలు, రెండు కుక్కలు, సాయానికి మనవడు. ఆ కుక్కలు నక్కల కోసం, దొంగల కోసం. రాత్రంతా మంద చుట్టూ కాపలా కాసి పగలు చెట్టు కింద చచ్చినట్టు పడుకునేవి. మన దగ్గర మందకుక్క అంటే అదే. గొర్రెల్ని తోలేది మనిషి, అతని కేక, అతని కర్ర. కుక్క తోలుతుందని ఆ తాత కూడా అంతకుముందు ఎక్కడా చూసి ఉండడు.

రెండోరోజు ఆయన మనవడికి జొరం. తాత ఒక్కడే మడి ఆ మూలకీ ఈ మూలకీ పరిగెడుతున్నాడు. మధ్యాహ్నం అన్నం కారియర్ ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది. తాడుతో సహా కర్రిని నేనే తీసుకెళ్ళాను, పాపం రెండు నెలలుగా సాలలోనే ఉందని. మడి దగ్గరికి వెళ్ళేసరికి మేకలు నాలుగూ గట్టెక్కేశాయి. తాత ఆ చివర ఉన్నాడు. నా చేతిలో కారియర్, ఇంకో చేతిలో తాడు. తాడు జారిపోయింది. జారిపోయిందనే ఇంట్లో చెప్పాను, ఇప్పుడూ అలాగే చెబుతున్నాను.

కర్రి తిన్నగా మేకల మీదికి వెళ్ళలేదు. ముందు ఎడమకి, మందకి దూరంగా, కొడవలి వంపులా పెద్ద చుట్టు తిరిగి పెసరచేను వైపునుంచి గట్టెక్కింది. తాత అప్పటికే చూసి కర్ర ఎత్తాడు. విసిరేస్తాడనుకుని నేను కేకేశాను. విసరలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

కుక్క అరవలేదు. తల భుజాల కంటే కిందికి దించి, తోక కిందికి వాల్చి, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు గట్టు మీద మేకల వైపు నడిచింది. మేకలు దాన్ని చూశాయి. ఒక నిమిషం ఎవరూ కదల్లేదు. తర్వాత పెద్దమేక, తనకే బుద్ధిపుట్టి వెనక్కి వెళుతున్నట్టు మొహం పెట్టి, గట్టు దిగి దుబ్బుల్లోకి వెళ్ళింది. మిగతా మూడూ దాని వెనకే. కర్రి గట్టు దిగలేదు, వాటిని తరమలేదు. ఉన్నచోటే పడుకుంది. పడుకుని ఒకసారి నావైపు చూసింది, ఒకసారి తాత వైపు.

తాత నా దగ్గరికి వచ్చి కారియర్ అందుకున్నాడు గానీ మూత తియ్యలేదు.

"ఏటి గుంటా, ఈ కుక్కనెక్కడ్నుండి తెచ్చినారు?"

చెప్పాను. అల్సేషన్ సంగతి ఆయనకి పట్టలేదు.

"దాని తోక సూసినావా? కరిసే కుక్క, ఆడుకునే కుక్క తోక పైకెత్తుతాది. ఇది దించేసింది. పన్లో ఉందది."

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. నాలుగు గొర్రెల్ని కర్రతో కావాలనే పెసర వైపు తోలాడు. కర్రి లేచింది. గట్టు మీదే వాటికి ఎదురుగా వచ్చి నిలబడింది. అవి తిరిగాయి. తాత ఇంకోవైపు నుంచి తోలాడు. కర్రి ఆ వైపుకి వచ్చింది. ఒక పొట్టేలు మాత్రం కాలు నేలకేసి కొట్టి ముందుకే వచ్చింది. కర్రి ఒక్క అంగలో దాని తొడ పట్టుకుని, పట్టుకున్నంత వేగంగా వదిలేసింది. నా గుండె జారిపోయింది. తాత ఆ పొట్టేలుని కాళ్ళ మధ్య ఇరికించి తొడ మీద వెంట్రుకలు విడదీసి చూశాడు. కొంచెం తడి తప్ప ఏమీ లేదు.

"తోలు తెగనేదు. పన్ను దిగనేదు" అని తనలో తను అనుకున్నాడు. అప్పుడు కూర్చుని అన్నం తిన్నాడు.

ఆ సాయంత్రం దాకా నేను ఇంటికి వెళ్ళలేదు. గట్టుకి ఈ చివర తాటిచెట్టు, ఆ చివర నుయ్యి. కర్రి తాటిచెట్టు నుంచి నుయ్యి దాకా నడిచేది, నుయ్యి నుంచి తాటిచెట్టు దాకా నడిచేది. గొర్రెలు గట్టుకి దూరంగా మేస్తుంటే మెల్లగా, దగ్గరికి వస్తే కొంచెం వేగంగా. దుబ్బుల్లోకి దిగలేదు, పెసరలోకి దిగలేదు. ఎవరు గీశారు దానికా గీత? మూరెడు వెడల్పు గట్టే హద్దని పుట్టి ఏడాదైనా నిండని, రెండు నెలలు గుంజకి కట్టేసి ఉన్న కుక్కకి ఎవరు చెప్పారు?

దీపాలు పెట్టేవేళ తాత మా ఇంటికొచ్చాడు. అరుగు కింద నిలబడి నాయనమ్మతో అన్నాడు.

"అమ్మా, ఈ కుక్కని ఏల కట్టేసినారు?"

"కోళ్ళని తింతాదిరా."

"తినదమ్మా. కాస్తాది."

"కోళ్ళకి కాపరి ఏలరా?" అంది నాయనమ్మ. అంది గానీ, మర్నాడు పొద్దున్న సాలలో గుంజకి తాడు లేదు. ఆ తాడు నూతిచేదకి కట్టి ఉంది. ఎవరు విప్పారని ఎవరూ అడగలేదు.

మంద ఇంకో మూడు రాత్రులు మా మడిలో ఉంది. పెదనాన్న పెసరలో ఒక్క ఆకు పోలేదు. ఆయన గట్టు దాకా వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మా పెదనాన్న భాషలో అది మెచ్చుకోలు.

వెళ్ళేరోజు తాత కర్రిని అడిగాడు. ఊరికే కాదు, బదులుగా ఆడ గొర్రెపిల్లని ఇస్తానన్నాడు. నాన్న ఊగాడు. నేను ఏడ్చాను. ఎంత ఏడ్చానంటే నాన్న తాతకి రెండు కుంచాలు ఎక్కువ కొలిచి పంపించేశాడు. తాత ఏమీ అనుకోలేదు. "గుంటది గదా" అన్నాడు. కర్రి మందతో చెరువుగట్టు మలుపు దాకా వెళ్ళింది. నేను పిలిస్తే ఆగింది. మంద వైపు చూసింది, నావైపు చూసింది. నేను మళ్ళీ పిలిచాను.

ఇచ్చెయ్యాల్సింది. నలభై ఏళ్ళ తర్వాత ఈ మాట రాయడం తేలికే.

ఆ తర్వాత పదిరోజులు కర్రి రోజూ ఆ మడికి వెళ్ళింది. గొర్రెల్లేవు. అయినా తాటిచెట్టు నుంచి నుయ్యి దాకా, నుయ్యి నుంచి తాటిచెట్టు దాకా. పెసరకాయ ఏరడానికి కూలి ఆడవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళని ఒక మూలకి చేర్చబోయి తిట్లు తింది. మరుసటేడు ఇంకెవరిదో మంద వచ్చింది. కర్రి చుట్టు తిరగడం మొదలుపెట్టగానే ఆ కాపరి కర్ర విసిరాడు. కుంటుతూ ఇంటికొచ్చింది. అతన్నీ అనలేను. ఊరకుక్కలు మందలో పడి పిల్లల్ని చీల్చెయ్యడం ఎవరికి తెలీదు? ఆ తాతలా ఎత్తిన చెయ్యి ఆపి చూడాలంటే వాళ్ళకి తీరికా ఉండాలి, ధైర్యమూ ఉండాలి.

కర్రి చేసిన పనికి పేరు నాకు చాలా ఆలస్యంగా దొరికింది. విశాఖలో మా అబ్బాయి కుక్కని కొనాలని పుస్తకాలు తిరగేస్తుంటే నేనూ పక్కన కూర్చుని చదివాను. అల్సేషన్ అంటే జర్మన్ షెపర్డే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మన్ అన్న మాట పలకడం ఇష్టంలేక ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరది. మన రైల్వే బంగళాల్లో ఆ పేరే మిగిలిపోయింది. నాకు తెలిసినంతవరకూ అది పోలీసు కుక్క. కానీ 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే ఆయన ఆ జాతికి మొదటి కుక్కగా హొరాండ్‌ని పుస్తకంలో ఎక్కించినప్పుడు ఆయన చూసింది గొర్రెల కుక్కనే.

నన్ను ఆపేసింది తర్వాతి పేజీ. గొర్రెల కుక్కలన్నీ ఒకేలా పని చెయ్యవట. బోర్డర్ కోలీ లాంటివి కొండమీద చెదిరిన మందని చుట్టి తెచ్చి కాపరి ముందు పెడతాయి. జర్మన్ కుక్క పని వేరు. అక్కడి పల్లెల్లో మేతనేలకీ పంటచేనుకీ మధ్య కంచె ఉండదు. ఒక్క నాగటిచాలు ఉంటుంది. కుక్క రోజంతా ఆ చాలు వెంట అటూ ఇటూ నడుస్తూ తనే కంచె అవుతుంది. గొర్రె గీత దాటబోతే ఎదురు నిలబడుతుంది, వినకపోతే తొడో మెడో పట్టి వదులుతుంది. తోలు తెగకూడదు.

పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నాగటిచాలు అని చదువుతుంటే నాకు తాటిచెట్టూ నుయ్యీ కనబడుతున్నాయి.

దానికి వివరణ కూడా ఉంది. తోడేలు వేటలో వరస ఉంటుంది: చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం. కాపరులు తరతరాలుగా ఏరి ఏరి ఆ వరసలో ముందువాటిని ఉంచి, చివరివాటిని అణిచేశారు. నాయనమ్మ పెరట్లో చూసింది నిజంగానే వేట. కాకపోతే చివర కోసేసిన వేట. అలాగని తండ్రి రక్తం ఉన్న ప్రతి పిల్లకీ ఇది వస్తుందని కాదు. మావయ్య ఉంచుకున్న పిల్ల, అదే తల్లి అదే తండ్రి, రెండు చెవులూ చక్కగా నిక్కి అచ్చం అల్సేషన్‌లా ఉండేది. జీవితమంతా మంచం కింద పడుకుని గుడ్లు దొంగిలించింది.

కర్రి పదకొండేళ్ళు బతికింది. నాయనమ్మ దాని కంటే ముందే పోయింది, ఒక్క దవడ మిగిల్చి.

అప్ప పెళ్ళి 1988 వైశాఖంలో మా పెరట్లోనే జరిగింది. ఆడవాళ్ళందరి ఫొటో ఒకటి ఉంది, పొందూరు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు తీసింది. పందిరి నిండా జాగా ఉండగా ఇరవైమంది సాల గోడకీ కుడితి గోలేనికీ మధ్య ఒకరి మీద ఒకరు పడేలా ఇరుక్కుని నిలబడి ఉంటారు. అప్ప అత్తవారి వైపువాళ్ళు ఇప్పటికీ అడుగుతారు, అందరూ ఆ మూలకే ఎందుకు చేరారని. ఫొటోగ్రాఫరు జరగమన్నాడని అప్ప చెబుతుంది. ఫొటోకి ఎడమ అంచున, ఎవరూ పట్టించుకోని చోట, నల్లటి తోక ఒకటి సగం కనబడుతుంది. కిందికి వాలి ఉంటుంది.